ఎడమ చేత్తో విసిరిన ఆట

మలాకీ డివేన్ తన చొక్కా గుండీలు తాను పెట్టుకోలేకపోయిన ఉదయం నుంచే హొనోరాకి ఒళ్ళు మండడం మొదలైంది. అంతకు ముందు ఆమెకి కోపం అనేదే తెలీదని వీధిలో వాళ్ళు చెప్పుకునేవారు. పొరుగింటి కోళ్ళు తన క్యాబేజీ మడి కెలికేసినా, "వాటికీ కడుపుందిగా" అని ఊరుకునే మనిషి. అలాంటి మనిషి ఆ ఉదయం మొగుడి మెడ దగ్గర ఆఖరి గుండీ పెడుతూ, "వాళ్ళ చేతులు పడిపోను" అని, వెంటనే గుండె మీద సిలువ గుర్తు వేసుకుంది.

"ఎవరి చేతులు?" అన్నాడు మలాకీ.

"నీవి కాదులే. నీవి ఎలాగూ పడిపోయాయి."

అతను నవ్వాడు. నవ్వితే భుజం కదిలి, మొహం వంకర పోయింది. అది చూసి ఆమెకి నవ్వు రాలేదు.

మలాకీ ఆరేళ్ళవాడిగా ఉన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని ఓడ దిగాడు. తండ్రి కాలవ తవ్వే పనిలో చేరి, తాగి, ఆ కాలవలోనే పడి చనిపోయాడు. తల్లి ఊళ్ళో వాళ్ళ బట్టలుతికి పిల్లాణ్ణి సాకింది. కాస్త ఎముక ముదరగానే కార్బరీ ఊళ్ళోని తోళ్ళ కార్ఖానాలో పెట్టారు. సున్నపు గుంటల్లో నానిన పశువుల తోళ్ళు కొక్కెంతో పైకి లాగి, నీళ్ళు పిండి, కర్ర మీదికి విసరాలి. తడి తోలు బరువు మోసిన వాడికే తెలుసు. ఆ పని ఎందరి నడుములనో విరిచింది, మలాకీకి మాత్రం ఒక భుజాన్నీ ఒక మణికట్టునీ ఇచ్చింది. ఆదివారం పూజ అయ్యాక ఇటుక బట్టీ వెనక ఖాళీ జాగాలో కార్ఖానా కుర్రాళ్ళు బేస్‌బాల్ ఆడేవారు. తోలు ముక్కలు కుట్టి, లోపల నూలు చుట్టి బంతి చేసుకునేవారు. మలాకీ విసిరితే ఆ బంతి బ్యాట్ దాకా బుద్ధిగా వచ్చి, తీరా కొట్టబోయేసరికి మెట్టు దిగినట్టు కిందికి దిగేది. దాన్ని వట్టి చేతులతో పట్టుకోగలిగిన వాడు ఊళ్ళో ఒక్కడే, ఆగస్ట్ క్రెబ్స్. జర్మన్ పిల్లాడు, మలాకీ పక్క గుంటలోనే పని. పట్టీ పట్టీ అతని వేళ్ళు అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. "మీ ఆయన విసిరినవి నా వేళ్ళ మీద రాసి ఉన్నాయి వదినా" అని తర్వాత హొనోరాతో అనేవాడు.

ఆ రోజుల్లోనే తివాచీల మిల్లు యజమాని వెదరెల్ గారికి క్లబ్బు పెట్టాలని బుద్ధి పుట్టింది. మైదానం చుట్టూ చెక్కల గోడ కట్టించి, గేటు దగ్గర టికెట్లు పెట్టి, మలాకీనీ క్రెబ్స్‌నీ కార్ఖానా నుంచి తీసుకొచ్చి జీతానికి కుదుర్చుకున్నాడు. ఆడుకున్నందుకు జీతమా అని మలాకీ తల్లి నమ్మలేదు. మొదటి వారం జీతం తీసుకెళ్ళి, దొంగ సొమ్మేమో చూడమని ఫాదర్‌కి చూపించిందట.

హొనోరా అప్పుడు ఆ తివాచీల మిల్లులోనే మగ్గం మీద పనిచేసేది. ఆడవాళ్ళకి టికెట్ లేని మధ్యాహ్నాల్లో తోటి పిల్లలతో వెళ్ళి బల్లల మీద కూర్చునేది. విసిరే ముందు అతను బంతిని పొట్టకి ఆనించుకుని ఒక్క క్షణం తల వంచుతాడు. ఏదో కపటమనుకునేవారు అవతలి జట్లు. అతను చిన్న జపం చేసుకుంటున్నాడని హొనోరా ఒక్కతే కనిపెట్టింది. ఆ సంగతి మొహం మీదే అడిగింది. అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ ఏడాదే పెళ్ళయింది.

రెండేళ్ళు మహారాజులా సాగింది. వీధిలో నడిస్తే మంగలి దుకాణం నుంచి పలకరింపులు, గుర్రపు ట్రాము తోలేవాడు ఇంటి గుమ్మం దగ్గరే బండి ఆపడం. కానీ ఆ ఆటలో ఒక కట్టడి ఉండేది. ఒకసారి ఒక క్లబ్బుతో కుదిరితే, ఆ క్లబ్బు వదిలేదాకా ఇంకే క్లబ్బులోనూ ఆడకూడదు. సంతలో అమ్ముడైన గొడ్డుకైనా యజమాని మారితే కొత్త గడ్డి దొరుకుతుంది. వీళ్ళకి ఆ భాగ్యం కూడా లేదు. దీన్ని పెద్దమనుషులంతా కూర్చుని, ఆట బాగు కోసమే అని రాసుకున్నారు. ఎవరి బాగు కోసమో దేవుడికి తెలుసు.

మూడో ఏడు వేసవికి ముందు ఇంకో నియమం మార్చారు. అప్పటిదాకా పిచర్, అంటే బంతి విసిరేవాడు, చెయ్యి భుజం దిగువ నుంచే విసరాలి. ఇక మీదట తల మీదుగా తిప్పి విసరొచ్చన్నారు. చూసేవాళ్ళకి అది వేడుక. విసిరేవాడి భుజం ఏమవుతుందని ఎవరూ అడగలేదు. జూన్‌లో క్లబ్బులోని రెండో పిచర్ వేలు విరిగి ఇంటికి పోయాడు. ఇంకొకణ్ణి తెమ్మని కెప్టెన్ లైమన్ స్ట్రౌడ్ అడిగితే, వెదరెల్ గారు చుట్ట తీయకుండానే, "డివేన్ ఉన్నాడుగా" అన్నాడు.

ఉన్నాడు. ఆదివారం తప్ప దాదాపు రోజూ ఉన్నాడు. గానుగెద్దుకైనా పొద్దు గూకితే కాడి దించుతారు. మలాకీ ఆట ముగించి వచ్చాక కూడా ఆ చెయ్యి పని చేస్తూనే ఉండేది. కుర్చీలో కూర్చున్నా దానంతటది వణికేది. ఆగస్టుకల్లా తల దువ్వుకోలేకపోయాడు. చెంచా నోటి దాకా వెళ్ళడానికి మోచెయ్యి బల్ల మీద ఆనించి మొహమే కిందికి దించుకునేవాడు. క్రెబ్స్ తల్లి ముసలామె కాళ్ళీడ్చుకుంటూ రెండు వీధులు దాటి, గిన్నెలో బాతు కొవ్వు కరిగించి తెచ్చేది. భుజానికి తనే మర్దన చేసేది.

"మీ దొర ఏమనుకుంటున్నాడు?" అనేది హొనోరాతో. "ఇది మనిషి చెయ్యి, వీధి బోరింగు పిడి కాదు."

"వెళ్ళి ఆయనకే చెప్పరాదూ మామ్మా."

"చెప్పాను. తివాచీ కొనడానికి వచ్చాననుకుని రంగులు చూపించాడు."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ముసలామె గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళింది, మర్నాటికి మిగిలుంటుందని.

చొక్కా గుండీలు పెట్టించుకున్న ఆ ఉదయం సెప్టెంబరు నెల. మధ్యాహ్నం ఆష్‌వెల్ జట్టుతో ఆట. గెలిస్తే ఆ ఏటి విజేతల జెండా కార్బరీ క్లబ్బుది. హొనోరా ఆ రోజు వెంట వెళ్ళి ముందు బల్ల మీదే కూర్చుంది. మూడు ఇన్నింగ్స్ ఎలా గడిచాయో పైనున్న ఆ తండ్రికే ఎరుక. నాలుగో ఇన్నింగ్స్‌లో మలాకీ ఒక బంతి విసిరాడు. బంతి ముందుకి పోయింది. చెయ్యి మాత్రం పక్కకి వేలాడిపోయింది. అతను ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

ఈ క్లబ్బులన్నీ కలిసి పెట్టుకున్న లీగులో పద్ధతి ఏమిటంటే, ఆట మొదలయ్యాక ఆటగాణ్ణి మార్చకూడదు. నిజంగా దెబ్బ తగిలితే మాత్రం అతని కెప్టెన్ వెళ్ళి అవతలి కెప్టెన్‌ని అడగాలి. అవతలివాడు చూసి సరేనంటే బయట బల్ల మీద కాచుకున్న మనిషి లోపలికి వస్తాడు. కెప్టెన్ అడగాలి, ఆటగాడు కాదు. తనంతట తాను తప్పుకుంటానన్న వాణ్ణి మళ్ళీ మగాళ్ళలో లెక్క వేసేవారు కాదు.

ఆష్‌వెల్ కెప్టెన్ సైలస్ ప్రూయిట్ పొడుగాటి మనిషి, తగాదాకోరని పేరు. ఆ రోజు పొద్దున్నుంచీ మలాకీని నానా మాటలూ అంటూనే ఉన్నాడు. అతనే ముందు పరుగెత్తుకొచ్చి భుజం తడిమి చూశాడు. అక్కడే ఉన్న క్రెబ్స్ తర్వాత ఆ మాటలన్నీ పూస గుచ్చినట్టు హొనోరాకి చెప్పాడు.

"ఈ భుజం గూటిలో లేదు" అన్నాడు ప్రూయిట్. "స్ట్రౌడ్, అడగవయ్యా. అడిగితే నేను సరే అంటాను."

స్ట్రౌడ్ వెనక్కి తిరిగి గొడుగు కింద కూర్చున్న వెదరెల్ గారి వంక చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. బల్ల మీద టికెట్లు చింపే కుర్రాడు తప్ప మరో పిచర్ లేడు మరి.

"నొప్పి ఏముందిలే, కాసేపట్లో సర్దుకుంటుంది" అన్నాడు స్ట్రౌడ్, నేల చూస్తూ.

"నీ మొహం సర్దుకుంటుంది. అడుగు."

"నువ్వు మా జట్టు సంగతి చూడనక్కర్లేదు."

ప్రూయిట్ ఉమ్మేసి, మలాకీతో, "తమ్ముడూ, వెళ్ళి కూర్చో. నేను చూసుకుంటాను" అన్నాడు. శత్రువు నోట ఆ మాట వచ్చింది. సొంతవాళ్ళ నోట రాలేదు.

మలాకీ అప్పుడు చేసిన పని అతను తప్ప ఇంకెవరూ చెయ్యరు. జీతం తీసుకున్నాను, ఆట ముగిసేదాకా విసరాలి అనుకున్నాడు. బంతిని ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. చంటిపిల్లాడికి విసిరినట్టు మెల్లిగా విసరడం మొదలుపెట్టాడు. ఆష్‌వెల్ వాళ్ళు వాటిని గోడ దాకా కొట్టారు. జనం మొదట నవ్వారు, తర్వాత ఈలలు వేశారు, తర్వాత తిట్టారు. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని (వేలాడితే నొప్పి కదా) ఎడమ చేత్తో విసురుతున్న మనిషి, దూరం నుంచి చూసేవాడికి, ఆటని ఎగతాళి చేస్తున్నట్టే కనిపిస్తాడు. హొనోరా లేచి నిలబడి, "అతని చెయ్యి చూడండి" అని వెనక్కి తిరిగి చెప్పింది. ఎవరు వింటారు? ఒకాయన మాత్రం తన పక్కన చోటిచ్చి, "కూర్చో తల్లీ, నీకు తగులుతుంది" అన్నాడు. అప్పటికే వేరుశెనగ తొక్కలు ఎగిరొస్తున్నాయి.

మర్నాడే వెదరెల్ గారు పత్రికల వాళ్ళని పిలిచి, డివేన్ ఆటని ఆష్‌వెల్ వాళ్ళకి అమ్మేశాడని చెప్పాడు. ఎడమ చేత్తో విసరడమే సాక్ష్యమన్నాడు. లీగులో ఏ క్లబ్బూ ఇతన్ని తీసుకోకూడదని నిషేధం పెట్టారు. తన చేతులారా మనిషిని విరగ్గొట్టి, విరిగినందుకు ఆ మనిషినే దొంగని చేశాడు. దీన్ని ఏమంటారో హొనోరాకి తెలిసిన మాటల్లో లేదు. ఆమెకి చదువు తక్కువ.

నిషేధం సంగతి అలా ఉంచండి. వీధి మారిపోయింది. గుమ్మంలో ఆగే ట్రాము ఆగడం మానేసింది. "ఏం మలాకీ, ఎడమ చెయ్యే ఇంత పలికితే కుడి చెయ్యి అమ్మితే ఎంత పలికేదో" అని మంగలి దుకాణం మెట్ల మీంచి నవ్వేవారు. అతను టోపీ తీసి పలకరించి పోయేవాడు.

"తిరిగి ఒక్కమాట అనవేం?" అని హొనోరా నిలదీసింది.

"వాళ్ళు డబ్బిచ్చి చూశారు నోరా. బాధ ఉంటుంది."

"నీకు లేదా?"

"నాకు నువ్వున్నావుగా, పడడానికి."

ఆమె కోపం వచ్చి రొట్టె పిండిని రెండుసార్లు బల్లకేసి కొట్టింది. ఆ పూట రొట్టె చాలా మెత్తగా వచ్చిందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

హొనోరా ఊరుకోలేదు. రైలెక్కి ఆష్‌వెల్ వెళ్ళి ప్రూయిట్ ఇల్లు వెతికి పట్టుకుంది. అతను వంటింట్లో పిల్లల బూట్లకి మేకులు కొడుతున్నాడు. సంగతి విని భార్య వంక చూశాడు. భార్య హొనోరా ముందు టీ పెట్టి, "ఆయన వస్తారు. రాకపోతే ఈ ఇంట్లో అన్నం ఉండదు" అంది. "మా దొర నన్ను ఏం చేస్తాడో" అని ప్రూయిట్ గొణిగాడు. "అది వచ్చాక చూద్దాం" అంది ఆవిడ.

జనవరిలో లీగు పెద్దలు కార్బరీ హోటల్లో కూడారు. మలాకీ తన మొర చెప్పుకోవచ్చన్నారు. ఆడవాళ్ళకి లోపల ప్రవేశం లేదు. డీలియా అనే పనిపిల్ల హొనోరాని నడవాలో నిలబడనివ్వక, కాఫీ అందించే తలుపు పక్కన కుర్చీ వేసి, తలుపు జానెడు తెరిచి ఉంచింది. "మూసెయ్యమంటే, బిగుసుకుందండీ అంటాను" అంది.

ముందు ప్రమాణం చెయ్యమన్నారు. బైబిలు మీద ఎడమ చెయ్యి, కుడి చెయ్యి పైకి. మలాకీ కుడి చెయ్యి ఎత్తబోయాడు. అది నడుం దాటి పైకి లేవలేదు.

"పూర్తిగా ఎత్తాలి" అన్నాడు అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దమనిషి.

మలాకీ బైబిలు మీది ఎడమ చెయ్యి తీసి, దాంతో కుడి మణికట్టు పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు భుజం దాకా లాగాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"బైబిలు మీద చెయ్యి లేదు" అన్నాడు ఆ పెద్దమనిషి.

గదిలో అంత మంది ఉన్నారు. ఒక్కరికీ ఆ చెయ్యి కనబడలేదు. కళ్ళున్నాయి, కళ్ళజోళ్ళున్నాయి, మీద గ్యాసు దీపముంది. క్రెబ్స్ లేచి వచ్చి బైబిలు తీసి మలాకీ గుండెకి ఆనించి పట్టుకున్నాడు. అలా అయింది ప్రమాణం.

ప్రూయిట్ నిలబడి చూసింది చూసినట్టు చెప్పాడు. అతని క్లబ్బు యజమాని కూడా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. "ప్రూయిట్, వచ్చే ఏడు ఆడాలని ఉందా?" అన్నాడు.

"ఉందండి. అందుకే చెబుతున్నాను. రేపు నా భుజం పోతే మీరేమంటారో ఇక్కడే తెలుసుకుందామని."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "కార్బరీ కెప్టెన్ నిన్ను మార్పు అడిగాడా?"

"అడగలేదు."

"అడగలేదు కాబట్టి, నియమం ప్రకారం ఆ రోజు దెబ్బ తగలలేదు."

అడగకుండా చేసినవాడు అక్కడే చుట్ట తాగుతున్నాడు.

తర్వాత వెదరెల్ గారు చాలా మంచి గొంతుతో ఒక దారి చెప్పాడు. ఆటని అమ్మాడనడం కొంచెం కఠినమేనట. ఆ రోజు తాగి మైదానానికి వచ్చానని డివేన్ ఒప్పుకుంటే నిషేధం తీసేస్తారట. గేటు దగ్గర కాపలా పని కూడా తాను ఇస్తాడట. తాగడం మనుషులకి సహజమే, అందులోనూ ఓడ దిగొచ్చిన వీళ్ళకి, అన్నాడు.

తలుపు వెనక హొనోరా లేచి నిలబడింది. తండ్రి శవాన్ని కాలవ ఒడ్డున చూసిన పిల్లాడు, గుడిలో విశ్వాసం దృఢపరచుకునే వేడుక రోజున బిషప్ ముందు చుక్క ముట్టనని మాటిచ్చిన పిల్లాడు, పెళ్ళి విందులో కూడా మజ్జిగ తాగిన మనిషి. ఆ మనిషిని తాగానని చెప్పమంటున్నారు. చెబితే పని. ఇంట్లో పిండి అడుగంటిన సంగతి ఆమెకే తెలుసు. దేవా, ఒప్పుకుంటాడేమో అని ఒక క్షణం, ఒప్పుకుంటే బాగుండునని అరక్షణం అనుకుని, ఆ అరక్షణానికి సిగ్గుపడింది.

"నేను తాగలేదండి" అన్నాడు మలాకీ. "నా భుజం పోయింది. ఇప్పుడే ప్రమాణం చేశాను కదండి. అప్పుడే అబద్ధమాడమంటే ఎలా?"

"ఆలోచించుకో. భార్య ఉంది నీకు."

"ఉందండి. అందుకే."

నిషేధం అలాగే ఉంచారు. ప్రూయిట్‌ని అతని క్లబ్బు వేసవి మొదట్లో నెల రోజులు ఆడనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ నెలంతా వాళ్ళావిడ, ఆయన ఇంట్లో ఉంటే తోట బాగుపడిందని అందరితో చెప్పిందట.

కానీ డీలియా నోరు ఊరుకునేది కాదు. ఆదివారానికల్లా ప్రమాణం సంగతి గుడికి వచ్చే ప్రతి ఇంటికీ తెలిసింది. పూజ అయ్యాక మెట్ల మీద ఒకరొకరే వచ్చి మలాకీకి ఎడమ చెయ్యి చాచారు, కుడి చెయ్యి కలపలేడని. కార్ఖానా మేస్త్రీ, "తోళ్ళు లాగలేవు గానీ, ఆరినవి లెక్కపెట్టి మడతపెట్టగలవా?" అని అడిగాడు. ఆ పనిలోనే అతను చాలా ఏళ్ళున్నాడు. అన్నం ఎడమ చేత్తో తిన్నాడు. గుండీలు హొనోరాయే పెట్టింది.

ఆమె కోపం మాత్రం దిగలేదు. సాయంత్రం ప్రార్థనలో, మాకు అన్యాయం చేసినవాళ్ళని క్షమించామని దేవుడితో చెప్పే చోటికి వచ్చేసరికి ఆమె గొంతు ఆగిపోయేది. మలాకీ ఒక్కడే ఆ మాట పూర్తి చేసేవాడు. ఆగిందని ఎప్పుడూ ఎత్తి చూపలేదు.

కొన్నేళ్ళకి ఆటగాళ్ళు తిరగబడి సొంత లీగు పెట్టుకుంటామని లేచినప్పుడు, పాత లీగు పెద్దలకి హఠాత్తుగా దయ పుట్టుకొచ్చింది. పాత నిషేధాలన్నీ ఎత్తేశారు. తప్పు చేసిన ఆటగాళ్ళని పెద్దమనసుతో క్షమించామని పత్రికల్లో వేయించారు. క్రెబ్స్ ఆ కబురు మోసుకొచ్చి, ఎలా చెప్పాలో తెలీక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"క్షమించారా?" అంది హొనోరా. ఆమె మలాకీ చేతికి చొక్కా తొడుగుతోంది. "ఆగస్టూ, ఎవరు ఎవర్ని క్షమించారు? ఇంకోసారి చెప్పు."

"అలాగే రాశారు వదినా."

"క్షమించడానికి ముందు తప్పు ఉండాలి. ఆ తప్పు చేసినవాడు క్షమాపణ అడగాలి. మేం అడిగామా? వాళ్ళు అడిగారా?"

క్రెబ్స్ వంకర వేళ్ళతో టోపీ తిప్పుకున్నాడు. మలాకీ, "పోనీలే నోరా, టీ పెట్టు వాడికి" అన్నాడు.

ఆమె టీ పెట్టింది. రొట్టె కోసింది, వెన్న రాసింది, క్రెబ్స్‌కి పెద్ద ముక్క ఇచ్చింది. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ చోటు వచ్చినప్పుడు మలాకీ మామూలుగానే ఒక్కడే చెప్పబోయాడు. ఆమె అతని పడిపోయిన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"నువ్వూ ఆగు ఇవాళ" అంది. "ఆయనకి అంతా తెలుసు. తొందరేం లేదు."

ఇద్దరూ ఆ మాట దగ్గర ఆగి, తర్వాతి మాట నుంచి కలిసి చెప్పారు.